ముద్ద నోటిదాకా చేరడానికి: మెదడులో రక్తస్రావం తరువాత వచ్చే చేతి వణుకు, బొట్యులినం చికిత్స

(పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి కుటుంబాల కోసం జరిగిన సభలో ఒక న్యూరాలజిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

మెదడులో రక్తనాళం చిట్లి, ఐసీయూ నుంచి వార్డుకు, వార్డు నుంచి ఇంటికి చేరి, ఫిజియోథెరపీతో నెమ్మదిగా నాలుగడుగులు వేస్తున్న మనిషికి రెండు మూడు నెలలు గడిచాక చెయ్యి వణకడం మొదలైతే ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. మళ్లీ రక్తం కారుతోందేమో అన్నది అందరికీ ముందుగా వచ్చే అనుమానం. వారాల తరబడి మెల్లమెల్లగా పెరుగుతూ వచ్చిన వణుకు సాధారణంగా కొత్త రక్తస్రావానికి గుర్తు కాదు. అది పాత దెబ్బకు మెదడు ఆలస్యంగా ఇస్తున్న స్పందన. అయితే ఉన్నట్టుండి మాట తడబడినా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, తట్టుకోలేని తలనొప్పితో వాంతులు అయినా, నేను ఇక్కడ చెప్పబోయేదంతా పక్కన పెట్టి నేరుగా ఆస్పత్రికి వెళ్లండి.

ఈ ఆలస్యపు వణుకును గోర్డన్ హోమ్స్ అనే న్యూరాలజిస్టు 1904లో వర్ణించాడు. ఆయన ఐర్లండ్‌లో పుట్టి లండన్‌లో పనిచేసినవాడు. దీనిని ఇప్పుడు ఆయన పేరుతోనే హోమ్స్ వణుకు అంటున్నాం. చెయ్యి ఒళ్లో ఊరికే పెట్టుకున్నప్పుడు కూడా ఇది ఉంటుంది, చెయ్యి చాపి నిలిపినప్పుడు పెరుగుతుంది, ఏదైనా వస్తువును అందుకోబోయినప్పుడు ఇంకా పెరుగుతుంది. వేగం తక్కువ, సాధారణంగా సెకనుకు 4.5 సార్ల లోపే. కానీ ఊపు పెద్దది, లయ తప్పుతూ ఉంటుంది, మణికట్టు దగ్గర ఆగకుండా మోచేతికి, భుజానికి కూడా పాకుతుంది. పార్కిన్సన్స్ వ్యాధిలో చెయ్యి ప్రధానంగా విశ్రాంతిలో వణుకుతుంది, పనిలో పడితే చాలావరకు తగ్గుతుంది. వంశపారంపర్యంగా వచ్చే సాధారణ వణుకు (ఎసెన్షియల్ ట్రెమర్) దీనికి భిన్నంగా పని చేసేటప్పుడే బయటపడుతుంది. హోమ్స్ వణుకు ఈ రెండింటి స్వభావాన్నీ కలుపుకొని వస్తుంది.

అలా ఎందుకు కలుపుకొని వస్తుందో మెదడు నిర్మాణం చూస్తే అర్థమవుతుంది. అదుపులో లేని రక్తపోటు దెబ్బతీసే సన్నని రక్తనాళాలు ఎక్కువగా మెదడు లోతులలో, అంటే థాలమస్, దాని పక్కనున్న ప్రాంతాలు, మెదడు కాండం, చిన్నమెదడులలో ఉంటాయి. వయసులో చిన్నవారికైతే పుట్టుకతో వచ్చిన రక్తనాళాల చిక్కుముడులు అక్కడే చిట్లవచ్చు. కదలిక సాఫీగా సాగడానికి అవసరమైన డోపమిన్‌ను పైకి తీసుకెళ్లే దారి ఒకటి, కదలిక గురి తప్పకుండా చిన్నమెదడు పంపే సవరణలను థాలమస్‌కు చేర్చే దారి మరొకటి, ఈ రెండూ మధ్యమెదడులో చాలా ఇరుకైన చోట పక్కపక్కనే నడుస్తాయి. అక్కడ ఒక చిన్న రక్తపు గడ్డ ఏర్పడినా రెండు దారులూ దెబ్బతినవచ్చు. మొదటి దారి తెగితే విశ్రాంతిలో వణుకు, రెండవది తెగితే గురి తప్పే వణుకు. తెగిన మరుక్షణం వణుకు రాకపోవడానికి కారణం, తమకు అందవలసిన సంకేతాలు ఆగిపోయిన నాడీకణాలు తమలో తాము లయబద్ధంగా స్పందించే స్థితికి చేరడానికి కాలం పట్టడమే. ఆ కాలం కొన్ని వారాల నుంచి రెండేళ్ల దాకా ఉండవచ్చు. కొందరిలో మెదడు కాండం కింది భాగంలో ఆలివ్ అనే చిన్న కేంద్రకం వాచి ఎంఆర్ఐలో పెద్దదిగా కనిపిస్తుంది. క్షీణిస్తున్న నాడీభాగం చిక్కిపోవడం మామూలు. ఇది మాత్రం ముందు ఉబ్బుతుంది. అలాంటివారికి అంగుడి కూడా లయగా కదిలి, చెవిలో టిక్కుటిక్కుమనే చప్పుడు వినబడవచ్చు. ఆ మాట చెబితే ఎవరూ నమ్మరేమోనని దాచుకునేవారున్నారు, దయచేసి దాచకండి.

ఇక వణుకుతో వచ్చిన ప్రతి చెయ్యీ హోమ్స్ వణుకు కాదు. బొట్యులినం సూది గురించి మాట్లాడేముందు మందుల చీటీ చూడటం నా అలవాటు. రక్తస్రావం తరువాత ఫిట్స్ రాకుండా చాలామందికి మాత్రలు రాస్తారు, వాటిలో వాల్‌ప్రోయేట్ చేతులను వణికించగలదు. తల తిరుగుడుకు మన ఊళ్లలో నెలల తరబడి మింగే సిన్నరిజిన్, వాంతులకు వేసుకునే మెటోక్లోప్రమైడ్ పార్కిన్సన్స్ వ్యాధిని పోలిన లక్షణాలు తెచ్చిపెట్టగలవు. ఆయాసానికి వాడే సాల్బ్యుటమాల్, అదుపు తప్పిన థైరాయిడ్ కూడా చేతిని వణికిస్తాయి. పక్షవాతం వచ్చిన చెయ్యి బిగుసుకుపోయి ఉంటే, మణికట్టును ఒక్కసారిగా సాగదీసినప్పుడు టకటకా కొట్టుకుంటుంది. అది బిగుతు చేసే పని, దాని చికిత్స వేరు. ఒకే తీరున గంటల తరబడి, నిద్రలో కూడా ఆగకుండా చెయ్యి అదురుతుంటే ఫిట్స్ కావచ్చు. ఇవన్నీ తేల్చుకోకుండా సూది వేయడం తొందరపాటు.

తేల్చుకున్నాక కూడా ముందు మాత్రలే. హోమ్స్ వణుకులో డోపమిన్ దారి దెబ్బతింటుంది కాబట్టి, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా మాత్ర కొందరికి చక్కగా పనిచేస్తుంది, పరీక్షించి చూడకుండా వదిలేయకూడదు. ఆ సందర్భంలో ఒక మాట. దూలగొండి గింజలలో సహజంగానే లెవోడోపా ఉంటుంది. ఆ పొడిని ఎవరో చెప్పారని కొని, ఆస్పత్రి మాత్రతో పాటు రెండూ కలిపి మింగేవారు కనిపిస్తున్నారు. పొడిలో మందు మోతాదు ఎంతో తెలియదు కనుక, అలా కలిపితే బీపీ పడిపోవడం, వాంతులు, భ్రమలు రావచ్చు. లెవోడోపా కాక క్లోనాజిపామ్, లెవెటిరసెటామ్, ట్రైహెక్సిఫెనిడిల్, ప్రొప్రనొలాల్ వంటివి కూడా వాడి చూస్తాం. వీటిలో క్లోనాజిపామ్ మత్తునిస్తుంది, ట్రైహెక్సిఫెనిడిల్ పెద్దవయసువారి జ్ఞాపకశక్తిని తగ్గిస్తుంది, ప్రొప్రనొలాల్ ఆస్తమా ఉన్నవారికి పనికిరాదు. మాత్ర ఒంటినిండా తిరుగుతుంది, బాధ ఒక్క చేతిలో ఉంది. బొట్యులినం ఆలోచన అక్కడ మొదలవుతుంది.

బొట్యులినం ఒక విషం, అందులో దాచవలసినదేమీ లేదు. క్లాస్ట్రిడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి చెడిపోయిన నిలవ ఆహారంలో తయారుచేసే ఈ పదార్థం కండరాలను చచ్చుబరచి ఊపిరిని ఆపగలదు. జర్మనీలో యుస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు 1820ల ప్రారంభంలోనే, పాడైన సాసేజ్ తిని జబ్బుపడినవారి లక్షణాలను వర్ణిస్తూ, దీనిని అతి తక్కువ మోతాదులో మందుగా వాడవచ్చునని ఊహించాడు. ఆ ఊహ నిజం కావడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు మెల్లకన్నును సరిచేయడానికి దీనిని కంటి కండరాలలోకి ఎక్కించి, మనుషులలో వచ్చిన ఫలితాలను 1980లో ప్రచురించాడు. 1989 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం మెల్లకన్నుకూ, రెప్పలు బిగుసుకునే జబ్బుకూ దీనిని అనుమతించింది. బొటాక్స్ అనే పేరుతో ముఖం మీద ముడతల సూదిగా పేరుబడింది తరువాతే. మా దగ్గర ఆ పేరు ఎత్తగానే, మాకు అందం ఎందుకండీ అని నవ్వే పెద్దవాళ్లు ఉన్నారు. ముఖానికి వాడేదీ, చేతికి వాడేదీ ఒకటే మందు.

ఇది పనిచేసే చోటు మెదడు కాదు. నరం కొన కండరాన్ని కలిసే చోట అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిన్న చిన్న సంచులలో ఉంటుంది. మెదడు నుంచి ఆజ్ఞ రాగానే ఆ సంచులు నరం కొన గోడకు అతుక్కొని రసాయనాన్ని బయటికి వదులుతాయి, కండరం ముడుచుకుంటుంది. అలా అతుక్కోవడానికి అవసరమైన స్నాప్-25 అనే ప్రొటీన్‌ను మేము వాడే ‘టైప్ ఎ’ రకం బొట్యులినం తుంచేస్తుంది. సంచి అక్కడే ఉంటుంది, తెరుచుకోదు. మెదడు వణుకు ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది, ఆ కండరం వాటిని పూర్తిగా అందుకోదు. కండరం ఎంత సాగిందో వెన్నుపాముకు చెప్పే సన్నని తంతువులు కూడా దీనివల్ల నెమ్మదిస్తాయి కాబట్టి, కండరం బలహీనపడినంత మేరకే కాకుండా వణుకు అంతకంటే ఎక్కువ తగ్గడం కొందరిలో చూస్తాం. మూడు నాలుగు నెలలలో నరం కొన మళ్లీ కోలుకుంటుంది, వణుకు తిరిగి వస్తుంది. కనుక ఈ సూది దెబ్బతిన్న మెదడును బాగుచేస్తుందని మీకెవరైనా చెబితే నమ్మకండి.

ఆధారాల గురించి కూడా మీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పక్షవాతం తరువాత వచ్చే చేతి బిగుతుకు ఈ మందు పనిచేస్తుందని గట్టి పరీక్షలు ఉన్నాయి, అమెరికాలో 2010లో దానికి అనుమతి కూడా వచ్చింది. వణుకు విషయంలో మంచి పరీక్షలు జరిగింది ఎక్కువగా సాధారణ వణుకు మీద. 2001లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో 133 మందికి, ముందే నిర్ణయించిన కండరాలలో, ముందే నిర్ణయించిన మోతాదులో 50 లేదా 100 యూనిట్లు, లేదా ఉత్తుత్తి మందు ఇచ్చారు. చెయ్యి చాపినప్పటి వణుకు తగ్గింది, కానీ పని చేసే సామర్థ్యం అంతగా మెరుగుపడలేదు, పైగా మోతాదు పెరిగేకొద్దీ చేతిపట్టు సడలింది. తరువాత యేల్ విశ్వవిద్యాలయ బృందం పార్కిన్సన్స్ వణుకులో, 2018లో సాధారణ వణుకులో, ఒక్కొక్కరి చేతిలో ఏ కండరం వణుకుతోందో యంత్రంతో కనిపెట్టి అక్కడే మందు వేసి చూసింది. ఈ పద్ధతిలో వణుకు తగ్గింది, బలహీనత సమస్య కూడా తక్కువైంది. రక్తస్రావం తరువాతి హోమ్స్ వణుకు అరుదు కావడంతో దానిమీద ఉన్నవి చాలావరకు ఒక్కొక్క రోగి గురించిన నివేదికలే. ఆ జబ్బుకు ఈ మందు వాడటం అధికారిక అనుమతి జాబితాలో ఉన్న పని కాదు, వైద్యుడు తన నిర్ణయంగా, మీ అంగీకారంతో చేసేది.

మందు ఒకటే అయినా మనిషిని బట్టి, చేతిని బట్టి, సూది వేసే చోటును బట్టి ఫలితం మారుతుంది. అందుకే నా గదిలో మొదటి ప్రశ్న చెయ్యి ఎంత వణుకుతోంది అన్నది కాదు, ఈ చేతితో మీరు తిరిగి చేయాలనుకుంటున్న పని ఏది అన్నది. చాలామంది చెప్పేది ఒక్కటే, నా అన్నం నేను తినాలి. మన ఇళ్లలో అన్నం కుడిచేత్తోనే తినాలి, చెంచా పట్టుకోవడం ఆస్పత్రి అలవాటుగా తోస్తుంది, నలుగురిలో పెళ్లి భోజనానికి కూర్చోవడం మానేస్తారు. ఆ పనిని ఒకసారి నిదానంగా చూడండి. అన్నంలో పప్పు కలపడానికి నాలుగు వేళ్లూ బొటనవేలూ కదలాలి, ముద్ద చేయడానికి వేళ్లు వంగి బిగియాలి, ముద్ద జారకుండా అరచెయ్యి కొంత పైకి తిరగాలి, మోచెయ్యి వంగాలి, చివర్లో బొటనవేలు ముద్దను నోట్లోకి నెట్టాలి. హోమ్స్ వణుకు ఉన్నవారిలో కలపడం, ముద్ద చేయడం కొంతవరకు సాగుతాయి, ఎందుకంటే మణికట్టు కంచం అంచుకు ఆనుకుని ఉంటుంది. చెయ్యి కంచం నుంచి లేచాకే కష్టం. నోటి దగ్గరకు వచ్చేకొద్దీ ఊపు పెరిగి మెతుకులు చొక్కామీద పడతాయి.

ఇక్కడ వణుకుతున్నవి వేళ్లు కావు. మోచేతిని వంచే కండరాలు, ముంజేతిని ఇటూ అటూ తిప్పే కండరాలు, మణికట్టును లోపలికి వంచే కండరాలు. మణికట్టు వణుకుతోంది కదా అని ముంజేతి లోపలివైపు లోతుగా సూది వేస్తే మందు వేళ్లను వంచే కండరాలకు చేరి ముద్దే కట్టలేని పరిస్థితి వస్తుంది. ముంజేతి వెలుపలివైపు అజాగ్రత్తగా వేస్తే వేళ్లు పైకి లేవక వాలిపోతాయి. పాశ్చాత్య పరీక్షలలో కొలిచేది గ్లాసు, చెంచా, రాత, సుడి గీత గీయడం. ముద్ద ఆ జాబితాలో లేదు. అందుచేత మేము రోగిని అటుకులతోనో ఉప్మాతోనో రమ్మని, తింటుండగా చూస్తాం. స్టీలు గ్లాసులో సగానికి నీళ్లు పోసి నోటిదాకా తెమ్మంటాం, ఒక గ్లాసులోంచి మరో గ్లాసులోకి పోయమంటాం, సంతకం చేయమంటాం. ఒకే చెయ్యి అయినా ఈ నాలుగు పనులలో నాలుగు రకాలుగా వణకవచ్చు.

సూది వేసే విధానం భయపడవలసినంతది కాదు. మందు పొడి రూపంలో చిన్న సీసాలో, 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంటుంది. దానిలో సెలైన్ కలిపి, గట్టిగా కుదపకుండా మెల్లగా తిప్పుతాం. సన్నని సూది కండరంలోకి వెళ్లాక, ఆ సూదే కండరపు విద్యుత్తును వినిపించే ఈఎంజీ యంత్రానికి తీగలా పనిచేస్తుంది. చెయ్యి చాపమనగానే వణికే కండరంలో స్పీకరు ఆగి ఆగి గరగరమంటుంది, ఆ గరగర సరిగ్గా వణుకుతో కలిసి వస్తుంది. పక్క కండరంలో చప్పుడు లేకపోతే అక్కడ మందు వేయం. కొందరు వైద్యులు అల్ట్రాసౌండ్ తెరమీద కండరాన్ని చూస్తూ వేస్తారు, రెండూ కలిపి వాడితే ఇంకా మంచిది. మొదటిసారి తక్కువ మోతాదు వేసి, నాలుగైదు వారాల తరువాత చూసి, తదుపరి విడతలో సరిచేసుకోవడం నా పద్ధతి. ఎక్కువ వేసి పట్టు పోగొడితే దానిని వెనక్కి తీసే విరుగుడు నా దగ్గర లేదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టడం తప్ప. పైగా రక్తస్రావం తరువాతి చెయ్యి అప్పటికే కొంత బలహీనంగా ఉంటుంది, ఆ కాస్త బలమూ విలువైనదే.

మైస్థీనియా వంటి కండరాల జబ్బు ఉన్నవారికి, గర్భిణులకు, సూది వేసే చోట చీము పట్టినవారికి ఈ మందు వేయము. జెంటామైసిన్, అమికాసిన్ వంటి యాంటీబయోటిక్ సూదులు ఆ రోజులలో వాడుతుంటే ముందే చెప్పాలి, అవి దీని ప్రభావాన్ని పెంచుతాయి. గుండె వాల్వు మార్పిడి జరిగి రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారికి పరీక్ష చేసి, సన్న సూదితో వేసి, కాసేపు నొక్కి పట్టుకుంటాం. మింగడం కష్టమైనా, మాట మారినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే రావాలి. అరుదే అయినా, మందు దూరానికి పాకవచ్చునన్న హెచ్చరిక 2009 నుంచి అమెరికాలో ప్రతి సీసా పత్రంలోనూ ఉంది. ఇంకొకటి: ఒక్కో కంపెనీ యూనిట్ వేరు, ఒక కంపెనీ మందు 100 యూనిట్లు, ఇంకో కంపెనీది 100 యూనిట్లు సమానం కావు. ఊరు మారి వేరే వైద్యుడి దగ్గరకు వెళితే ఎన్ని యూనిట్లో ఒక్కటే కాదు, ఏ కంపెనీ మందో, ఏ కండరంలో ఎంత వేశారో రాసిన కాగితం తీసుకెళ్లండి.

కొన్ని ప్రశ్నలు కాగితాల మీద రాసి పంపారు. చదివి జవాబులు చెబుతాను.

ప్రశ్న: సూది వేసిన మర్నాటికే వణుకు తగ్గలేదు. పనిచేయనట్టేనా?

కాదు. సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులలో మొదలవుతుంది, రెండు నుంచి ఆరు వారాల మధ్య ఎక్కువ ఫలితం కనిపిస్తుంది, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. ఆ మధ్య కాలంలోనే చేతి పనులు ఎక్కువగా సాధన చేయించాలి. వణుకు అణిగి ఉన్నప్పుడు చేతికి ముద్ద దారి మళ్లీ అలవాటు చేయడం ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ వాళ్ల పని. తొందరపడి మూడు నెలలు కాకుండానే మళ్లీ వేయించుకుంటే శరీరం దానిని ఎదుర్కొనే యాంటీబాడీలు తయారుచేసి, మందు పనిచేయకుండా పోయే అవకాశం పెరుగుతుంది.

ప్రశ్న: ఒక సీసాను ఇద్దరం పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది కదా?

ఖర్చు వేలల్లో ఉంటుంది, ప్రతి మూడు నాలుగు నెలలకూ ఉంటుంది, చాలా ఇన్సూరెన్సు కంపెనీలు ఒప్పుకోవు, అందుకే మీరు అడిగారని అర్థమైంది. సీసా మీద మాత్రం ఒకరికే అని ఉంటుంది, కలిపిన తరువాత 24 గంటలలోపు వాడేయాలని ఉంటుంది. దానిని మీరితే మోతాదుకూ శుభ్రతకూ ఎవరూ పూచీపడలేరు. డబ్బు ఆదా చేయాలంటే ముందు మాత్రలతో ఎంత తగ్గుతుందో పూర్తిగా చూసి, తరువాత ఒకే ఒక్క పనిని లక్ష్యంగా పెట్టుకుని తక్కువ కండరాలలో వేయించుకోండి. అందాల పార్లర్‌లో చవకగా దొరుకుతోందని చేతికి వేయించుకోవద్దు. ఎక్కడినుంచి వచ్చిన సీసానో తెలియదు, కండరం వెతికే యంత్రమూ అక్కడ ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారికి భుజం దగ్గర నుంచి చెయ్యంతా ఊగిపోతుంది. ఆయనకు ఇది పనికొస్తుందా?

మొత్తం చెయ్యి ఊగేవారికి ఈ సూది ఒక్కటే సరిపోవడం కష్టం. భుజపు కండరాలు పెద్దవి, చాలా మందు కావాలి, అది పనిచేసినా చెయ్యి ఎత్తలేని స్థితి రావచ్చు. మీ నాన్నగారికి లెవోడోపా సరైన మోతాదులో, సరిపడినంత కాలం ఇచ్చి చూశారా అన్నది మొదట తెలుసుకోవాలి. అదీ కాకపోతే మెదడు లోతులో ఎలక్ట్రోడు అమర్చే డీబీఎస్ శస్త్రచికిత్స, థాలమస్‌లో చిన్న చోటును కాల్చే పద్ధతి ఉన్నాయి. ఒకసారి రక్తస్రావం జరిగిన మెదడులో వాటి ముప్పును న్యూరోసర్జన్‌తో కూర్చుని లెక్కవేయాలి. మణికట్టుకు బరువు పట్టీ కట్టడం, బరువైన గ్లాసు వాడటం, మోచెయ్యి బల్లమీద ఆనించి తినడం వంటివి ఈలోగా చేయవచ్చు, కొందరికి అవే చాలు. బీపీ 130/80 లోపు ఉంచే మాత్ర మాత్రం ఏ రోజూ మానకూడదు. వణుకు తగ్గిందని బీపీ మాత్ర ఆపేసినవారిని చూశాను కాబట్టి చెబుతున్నాను. స్కాన్ ఫిల్ములు, పాత రిపోర్టులు, మందుల చీటీలు అన్నీ తీసుకుని ఆయన్ను ఒకసారి ఓపీకి తీసుకురండి, ఉదయం ఏమీ తినకుండా కాదు, టిఫిన్ డబ్బాతో రండి, నా ఎదుటే తింటారు.